దగ్గేదాని బరువు

ఆగస్టు పద్నాలుగో తేదీ ఉదయం అట్-బాషీ పోలీసు కార్యాలయం నుంచి బురుల్ దరఖాస్తు వెనక్కి వచ్చింది. ‘కొనదలచిన ఆయుధం రకం’ అన్న గడిలో ఆమె నీలి సిరాతో, గుండ్రటి అక్షరాలతో ‘దగ్గేది’ అని రాసింది. ఎవరో దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

అందులో వేళాకోళం ఏమీ లేదు. బురుల్ మామగారి పేరు మిల్తిక్‌బాయ్. వాళ్ల భాషలో మిల్తిక్ అంటే తుపాకీ. కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆ పేరులో దాగిన మాట కూడా పలకకూడదు. ఆయన పోయి పదకొండేళ్లయింది కానీ, అత్తగారు కలీచా ఎనభై మూడేళ్ల వయసులో చెవులు రిక్కించుకుని పొయ్యి పక్కనే ఉంది. అందుకని ముప్పై ఏళ్లుగా బురుల్‌కి అది దగ్గేదే. దగ్గేదాన్ని గోడకి తగిలించడం, దగ్గేదానికి నూనె రాయడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైన మాటలు. నోటితో పాటు చేతికి కూడా అలవాటైందని ఆ గడి దగ్గరే తెలిసింది.

లైసెన్సుల గదిలో కూర్చునే కుబాత్ ఆ ఊరివాడే. బడిలో బురుల్ దగ్గర వ్యాయామం నేర్చుకున్నాడు, తాడెక్కలేక ఏడ్చిన రోజులున్నాయి.

“టీచర్, దగ్గేదేంటండీ? ఇది నారీన్‌కి పంపిస్తే వాళ్లు మిమ్మల్ని మందుల షాపుకి వెళ్లమంటారు.”

“ఏంటో నీకు తెలుసు కదరా.”

“నాకు తెలుసు. కంప్యూటర్‌కి తెలీదు. నోటితో అనకండి, రాయండి చాలు.”

“రాస్తే అన్నట్టు కాదా?”

కుబాత్ పెన్ను చివర కొరికాడు. “పోనీ రష్యన్‌లో రాయండి. మీ మామగారు రష్యన్ కాదుగా!”

బురుల్ రష్యన్‌లో రాసింది. దరఖాస్తు మళ్లీ మొదటి మెట్టు నుంచి బయల్దేరి, అన్ని బల్లలూ ఎక్కి దిగి, అనుమతిగా ఆమె చేతికి వచ్చేసరికి సెప్టెంబరు పదిహేడు అయింది. ఊరి గురిపోటీ ఇరవై ఎనిమిదిన. మధ్యలో పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజుల తొందర ఎందుకో తెలియాలంటే కిందటేడు కొండ కనుమ దగ్గర జరిగింది తెలియాలి. బురుల్‌కి యాభై రెండేళ్లు. చిన్నప్పుడు బడి పిల్లల గురిపోటీల్లో జిల్లాకి మొదటిగా వచ్చిన మనిషి. కొడుకులకి వేట అబ్బకపోతే మామగారు కోడలినే వెంటబెట్టుకుని కొండలెక్కాడు, చివరికి తన కార్బైన్ తుపాకీ ఆమెకే వదిలిపోయాడు. దుర్భిణీ, పట్టీ, తూటాలతో కలిపి దాని బరువు నాలుగు కిలోల ఏడు వందలు. కిందటి అక్టోబరులో బురుల్, అసన్‌కోజో, బైషే, నూర్‌గాజీ నలుగురూ కలిసి కొండమేకల వేటకి వెళ్లారు. కనుమ కింద గుర్రాలు దిగాక రెండు గంటలు రాళ్లవాలు ఎక్కాలి. బురుల్ ఎడమ మోకాలు మొరాయించింది. మిగతా ముగ్గురి కంటే నలభై నిమిషాలు వెనకబడింది. చివరి మలుపులో ఆమె కాలి కింద రాయి జారి దొర్లింది. పైన మేస్తున్న మంద ఆ చప్పుడికి తలెత్తి, అంచు దాటి మాయమైంది.

ఆ సాయంత్రం మంట దగ్గర అసన్‌కోజో అందరికీ వినపడేలా అన్నాడు. “వచ్చే ఏడు నువ్వు మూకుడు మోసుకురా మరదలా. తుపాకులు మేం మోస్తాంలే.”

అసన్‌కోజో ఆమె అక్క గుల్సున్ మొగుడు. వరసకి బావ. మాటకి మాట ఇవ్వకపోతే తప్పయ్యే వరస అది. అందరూ నవ్వారు, బురుల్ కూడా నవ్వింది. కానీ మర్చిపోలేదు.

ఈ ఏడు ఆ నలుగురికీ కలిపి రెండు కొండమేకపోతులకే అనుమతి దొరికింది. గురిపోటీలో ఎక్కువ వచ్చిన ఇద్దరు వేటగాళ్లుగా వెళ్లాలని, మిగతా ఇద్దరూ వంట చేసి బరువులు మోయాలని నలుగురూ చేతులు కలిపి ఒప్పుకున్నారు. బురుల్‌కి కావలసింది రాళ్లవాలు మీద మోకాలిని బాధపెట్టని తుపాకీ, పోటీలో పది తూటాలూ నమ్మకంగా పంపే తుపాకీ. ఈ రెండు గుణాలూ ఒకదాంట్లో కుదరవు. బరువు తగ్గితే చెయ్యి ఊగుతుంది, పెరిగితే కాలు ఆగుతుంది. పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు, అదీ ఒక్కటే. తప్పుగా ఎంచుకుంటే సరిదిద్దుకునే దారి లేదు.

బావ సలహా అడక్కుండానే వచ్చింది.

“లావు గొట్టం ఉన్నది తీసుకో. నాది చూడు, నేల మీద పెడితే బండలా కూర్చుంటుంది. గాలొచ్చినా కదలదు.”

“కదలదు బావా, నిజమే. కిందటేడు కనుమ దగ్గర నువ్వూ కదల్లేదు. బైషే వెనక నుంచి తోస్తే ఎక్కావు.”

“తొయ్యలేదు, వీపు తట్టాడు.”

“రెండు చేతులతోనా?”

పంతొమ్మిదిన బురుల్ భర్త బంగాళాదుంపల లారీతో బిష్కెక్ వెళుతుంటే ఆమె పక్క సీట్లో కూర్చుంది. సంచిలో అనుమతి కాగితం, ఉన్ని చేతి తొడుగులు, ఇంట్లో మాంసం తూచే కొక్కెం తరాజు ఉన్నాయి.

దుకాణదారు వాలెరీ నెరిసిన గడ్డం మనిషి. అక్కడ మాటలన్నీ రష్యన్‌లోనే. ఆ భాషలో తుపాకీని తుపాకీ అనడానికి ఏ అడ్డూ లేదు కనక, బురుల్ ముప్పై ఏళ్ల ముచ్చట తీర్చుకున్నట్టు ఆ గంటలో ఓ ఇరవై సార్లు అంది. వాలెరీ మూడు తుపాకులు బల్ల మీద పెట్టాడు. మూడూ ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు లాగి బిగించే రకమే.

“ఇది రెండు కిలోల మూడు వందలమ్మా. ఇంతకంటే తేలికది నగరంలో లేదు.”

బురుల్ సంచిలోంచి తరాజు తీసి, కొక్కేనికి తుపాకీ తగిలించింది. వాలెరీ కళ్లజోడు పైకి జరిపాడు.

“నా మాట మీద నమ్మకం లేదా?”

“మాట మీద ఉంది. దుర్భిణీ బిగించి చెప్పావా, బిగించకుండానా?”

“బిగించకుండా.”

“మరి దుర్భిణీని నేను జేబులో పెట్టుకెళ్లనుగా. బిగించు.”

తూకం అయ్యాక ఆమె ఆ తేలికదాన్ని భుజానికి ఆన్చి, ఎదురుగా గోడ గడియారంలో పన్నెండు అంకె మీద గురిపెట్టి ముప్పై అంకెలు లెక్కపెట్టింది. తుపాకీ మూతి పదకొండు నుంచి ఒంటిగంట దాకా తిరిగి వచ్చింది. ఊపిరి తీసినా ఊగుతోంది, గుండె కొట్టుకున్నా ఊగుతోంది. పైగా అంత తేలికదాంట్లో అంత పెద్ద తూటా పేలిస్తే భుజానికి గుర్రం తన్నినట్టు ఉంటుంది. రెండో తూటాకి తను కన్ను మూసుకుంటానని ఆమెకి తెలుసు. పక్కన పెట్టేసింది.

రెండోది లావు గొట్టంది, దుర్భిణీ లేకుండానే నాలుగు కిలోలకి వంద తక్కువ. పన్నెండు అంకె మీద మేకు కొట్టినట్టు నిలబడింది. బురుల్ దాన్ని ఇష్టంగా చూసింది, తర్వాత వంగి తన ఎడమ మోకాలిని చూసుకుంది, దించేసింది.

మూడోది చూడ్డానికి బాగోలేదు. కర్ర లేదు, చెక్కడం లేదు, బూడిదరంగు ప్లాస్టిక్ ఒళ్లు. రెండు కిలోల ఎనిమిది వందల యాభై. మూతి పన్నెండు చుట్టూ కాస్త వెతుక్కుని, నాలుగో ఊపిరికి కుదురుకుంది. బురుల్ ఉన్ని తొడుగులు వేసుకుని బోల్టు ఎత్తి లాగింది. చెంప కదల్చకుండానే వెనక్కి వచ్చింది, పిడి తొడుగు వేళ్లకి కూడా అందింది. ఖాళీ ట్రిగ్గర్ మూడు సార్లు నొక్కింది. మీట సాగకుండా, అల్లిక సూది విరిచినట్టు ఒక్కసారిగా పట్టు వదిలింది. తూటాల పెట్టె ఊడదీయబోతే ఊడలేదు, కింద మూత మాత్రం తెరుచుకుంది.

“ఊడొచ్చే పెట్టె ఉన్నది కూడా ఉందమ్మా, త్వరగా మార్చుకోవచ్చు.”

“చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు ఊడొచ్చేది ఏదీ నాకొద్దు. రాళ్లలో పడితే నువ్వొచ్చి వెతుకుతావా?”

“ఇదే తుపాకీ ఆరున్నర మిల్లీమీటర్ల తూటాతో ఉంది. తన్ను తక్కువ, గురి మెత్తన.”

“ఆ తూటా నారీన్‌లో దొరుకుతుందా?”

“నారీన్‌లో కష్టం. ఇక్కడ దొరుకుతుంది.”

“కొండమేక ఇక్కడ తిరగదు కదా.”

వాలెరీ నవ్వి, ఊళ్లో దొరికే తూటా రకమే తీశాడు. డబ్బు తీసుకునే ముందు ఒక మాట చెప్పాడు. “గొట్టం సన్నం. వేటలో ఒకటో రెండో తూటాలు, దానికి ఢోకా లేదు. వరసగా పేలిస్తే వేడెక్కి తూటాలు పక్కకి నడుస్తాయి. నేను చెప్పలేదనకండి.”

పట్టీ, దుర్భిణీ, అయిదు తూటాలతో తరాజు ముల్లు మూడు కిలోల నాలుగు వందల యాభై దగ్గర ఆగింది. లారీ దగ్గర భర్త “ఎంతయింది?” అంటే ఆమె ఆ అంకే చెప్పింది. ఆయన ధర అడిగానన్న సంగతి నగరం దాటేదాకా చెప్పలేదు.

ఇంటికి వచ్చాక అత్తగారు కొత్తదాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసింది.

“బూడిద రంగేంటే? జబ్బు చేసిన గాడిదలా ఉంది.”

“బాగా దగ్గుతుందట అత్తయ్యా.”

“దగ్గితే తొడుగు ఉండాలి. నీ మామగారి దానికి తొడుగు లేకే మూతి తుప్పు పట్టింది.” ఆ సాయంత్రం నుంచే కలీచా పెట్టె అడుగునుంచి ఒత్తిన ఉన్నితో చేసిన నమ్దా ముక్కలు తీసి, ఎవరైనా వస్తే మోకాలి కింద దాస్తూ ఏదో కుట్టడం మొదలుపెట్టింది.

ఇరవై రెండున బురుల్ ఒంటరిగా వాగు అవతలికి వెళ్లి, రెండు వందల మీటర్ల దూరంలో పలక నిలబెట్టి బోర్లా పడుకుంది. గురి కుదిర్చాక మొదటి మూడు తూటాలూ టీ తాగే పియాలా మూతి అంత చోట పడ్డాయి. నాలుగోది పియాలా బయటికి. అయిదోది కుడిపక్కగా పైకి జానెడు. వాలెరీ చెప్పిన నడక ఇదే. గొట్టం మీద చెయ్యి పెడితే కాలింది. బోల్టు తెరిచి, పక్కనే కూర్చుని రొట్టె తిని, ఫ్లాస్కులో టీ తాగింది. గొట్టం చెంపకి ఆన్చుకోగలిగేంత చల్లబడ్డాక మళ్లీ మూడు కాల్చింది. పియాలా. నాలుగోది మళ్లీ బయటికి.

అంటే మూడే. వేటకి మూడు ఎక్కువే. పోటీలో పది. నలుగురి కళ్ల ముందు మూడు తూటాలు కాల్చి అరగంట టీ తాగితే అసన్‌కోజో నోరు ఊరుకోదు. “మరదలి తుపాకీకి ఆయాసం” అని చలికాలమంతా పాడుకుంటాడు. ఆమె పలక చంకన పెట్టుకుని ఇంటికి నడుస్తూ, లావు గొట్టంది తెచ్చుకోవలసింది కదా అని ఒక్కసారి అనుకుంది. వాగు దాటడానికి రాయి మీద ఎడమకాలు పెట్టగానే ఆ ఆలోచన పోయింది.

పోటీకి రెండు రోజుల ముందు నలుగురూ కలీచా దగ్గరికి వచ్చారు. పోటీ పెట్టింది మిల్తిక్‌బాయ్. అందుకే పోటీ రోజు ఆయన పేరు మీద బోర్సోక్‌లు వేయించాలి. గలగల కాగే నూనెలో పిండిబిళ్లలు ఉబ్బుతుంటే లేచే వాసనే పోయినవాళ్లకి అందే భోజనం. ఇన్నేళ్లూ ఆ మూకుడు దగ్గర కలీచాయే కూర్చుంది.

“ఈ ఏడు నా చేతులు వణుకుతున్నాయి. కోడలు వేయిస్తుంది,” అంది ముసలావిడ.

అసన్‌కోజో ముఖం వెలిగిపోయింది. “అంతే మరి! మామగారికి కోడలి చేతి వాసనే అందాలి. మరదలా, కిందటేడు నే చెప్పిన మూకుడు నీ దగ్గరికి నడిచి వచ్చింది చూశావా? వేయిస్తావా, కాలుస్తావా?”

బురుల్ ఘాటుగా ఏదో అనబోయి మాట మార్చింది.

“రెండూ చేస్తాను బావా. ఒక వాయి వేయిస్తాను, వచ్చి కాలుస్తాను. మళ్లీ ఒక వాయి. కుదురుతుందా?”

“కుదరకేం! నూనె చేతులతో ట్రిగ్గర్ జారకుండా చూసుకో.”

మామగారు పెట్టిన నియమం ఒకటే. పాతిన కర్ర నీడ తెల్లరాయిని తాకేలోగా ఎవరి పది వాళ్లు ఎప్పుడైనా కాల్చుకోవచ్చు. తొందరపడని మనిషి, తొందరపెట్టే నియమం రాయలేదు.

ఇరవై ఎనిమిదిన గాలి లేదు. ఊరు సగం మేత మైదానంలో ఉంది. బైషే తన పది కాల్చి ఎనభై ఎనిమిది తెచ్చుకున్నాడు. నూర్‌గాజీకి డెబ్బై తొమ్మిది వచ్చింది, తుపాకీని కాక తన కళ్లజోడుని తిట్టుకున్నాడు. అసన్‌కోజో బండలాంటి తుపాకీ వెనక బండలా పడుకుని ఎనభై ఆరు చేశాడు. అంటే బురుల్‌కి ఎనభై ఏడు కావాలి.

ఆమె మొదటి మూడూ కాల్చింది. తొమ్మిది, తొమ్మిది, పది. లేచి, కొంగున చేతులు తుడుచుకుని మూకుడు దగ్గరికి వెళ్లింది. ఒక వాయి పిండి నిదానంగా వేయించి, పళ్లెంలో పోసి, పెద్దవాళ్లకి పంచి, ఇరవై నాలుగు నిమిషాలకి తిరిగి వచ్చింది. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. మళ్లీ మూకుడు.

రెండో వాయి సగంలో ఉండగా అసన్‌కోజోకి వెలిగింది. నోట్లో బోర్సోక్‌తోనే లేచి వచ్చాడు.

“ఓసి మాయలాడీ! నువ్వు మా కోసం వేయించట్లేదు. దాన్ని చల్లారబెడుతున్నావు!”

“ఏమో బావా, నేను మామగారికి భోజనం పెడుతున్నాను.”

“అయితే నేను పెడతా. అల్లుణ్ణి కాకపోతే ఏం? ఇటివ్వు ఆ జల్లెడగరిట. వెళ్లి మిగతా నాలుగూ కాల్చుకో, కూర్చోకుండా.”

నలుగురి ముందు గరిట కోసం గుంజులాట బాగోదు. ఇచ్చేసింది. గొట్టం ఇంకా గోరువెచ్చగా ఉంది. ఏడోది తొమ్మిది. ఎనిమిదోది ఎనిమిది. తొమ్మిదోది కుడికి పైకి జరిగి ఏడు. మొత్తం డెబ్బై ఎనిమిది. మిగిలింది ఒక్కటి, అది తొమ్మిది కావాలి. గొట్టం మీద గాలి సన్నగా వణుకుతోంది. పదోది ఎటు వెళుతుందో ఆమెకి తెలుసు, ఎంత వెళుతుందో తెలియదు. బోల్టు మూయకుండా పడుకుంది. కర్ర నీడకీ తెల్లరాయికీ మధ్య మూరెడు దూరం ఉంది. ఊరికే పడుకుంటే బావ పరిగెత్తుకొచ్చి తలదగ్గర నిలబడతాడు.

అప్పుడే వెనక నుంచి మాడు కంపు వచ్చింది, వెంటనే కలీచా గొంతు.

“ఒరేయ్ అసన్‌కోజో! ఏం చేస్తున్నావురా? మాడు వాసన పంపిస్తావా ఆయనకి? బతికుండగా ఒక్కరోజు మాడిన తిండి పెట్టలేదు నేను!”

“పిన్నీ, మంట ఎక్కువైంది—”

“నీ తల ఎక్కువైంది! బురుల్! లే అక్కణ్ణుంచి, వచ్చి ఈ మూకుడు సంగతి చూడు!”

“నా వంతు కాలుస్తున్నాను అత్తయ్యా!”

“నీడ ఇంకా అక్కడే ఉంది, నాకు కనపడుతోంది! ముందు నీ మామగారి ముక్కు సంగతి చూడు!”

అత్తగారి మాట కాదనే కోడలు ఆ ఊళ్లో లేదు. బురుల్ బోల్టు తెరిచి ఉంచి, తుపాకీని నీడలో చాప మీద పెట్టి, వీలైనంత విధేయంగా లేచి వెళ్లింది. నల్లబడిన బిళ్లలు తీసి పారేసి, నూనె మార్చి, మంట తగ్గించి, పిండి మళ్లీ ఒత్తి, ఒక వాయి బంగారు రంగులో తీసింది. అసన్‌కోజో గరిట పట్టుకున్న చెయ్యి మీద నూనె చిట్లిన మచ్చలు ఊదుకుంటూ కూర్చున్నాడు. పక్కన గుల్సున్ మొగుణ్ణి చూసి పొట్టపట్టుకుని నవ్వుతోంది.

“ఇంట్లో గుడ్డు ఉడకబెట్టడం రాదు ఈయనకి. ఊరందరి ముందు మూకుడు పడతానని ఎవరు చెప్పమన్నారు!”

నీడ తెల్లరాయికి నాలుగు వేళ్ల దూరంలో ఉండగా బురుల్ తిరిగొచ్చి పడుకుంది. గొట్టాన్ని చెంపకి ఆన్చి చూసుకుంది. చల్లగా ఉంది. ఒక ఊపిరి, రెండు, మూడు. నాలుగో ఊపిరికి మూతి కుదురుకుంది.

పలక దగ్గరున్న మనిషి టోపీ తీసి, వేళ్లు పైకెత్తాడు. తొమ్మిది.

అసన్‌కోజో లెక్క రెండు సార్లు కూడించాడు. రెండు సార్లూ ఎనభై ఏడే వచ్చింది. పెద్దలని అడిగాడు. వాళ్లు నోటినిండా బోర్సోక్‌లతో, నియమం ఏదీ తప్పలేదని తల ఊపారు.

“మరదలా, నువ్వు గెలవలేదు, నన్ను మీ అత్తగారు ఓడించింది.”

“ఎవరు ఓడించినా మూకుడు బరువు అంతే బావా.”

అక్టోబరు మూడో తేదీ తెల్లారాక బయల్దేరుతుంటే కలీచా గడప దగ్గర ఆపింది. మోకాలి కింద దాచి కుట్టినది బయటికి తీసింది. రెండు వేళ్ల మందం నమ్దాతో, ఎరుపూ నలుపూ పొట్టేలు కొమ్ముల ముగ్గు కుట్టిన తుపాకీ తొడుగు. ఏ మూల నుంచీ మంచు గాని, వాన గాని చొరబడదు.

“నా కళ్లు పోయాక ఇంకొకటి కుట్టలేను. దీన్ని తీయకుండా తీసుకెళ్లు.”

“ఎంత బాగుందో అత్తయ్యా,” అంది బురుల్. నిజంగానే బాగుంది. ముసలావిడ లోపలికి వెళ్లాక చప్పుడు కాకుండా తరాజు తెచ్చి, తొడుగుతో సహా తగిలించింది. నాలుగు కిలోల నాలుగు వందలు. పాతదానికంటే మూడు వందల గ్రాములు మాత్రమే తక్కువ.

ఆమె దాన్ని అలాగే భుజాన వేసుకుని, ఊరు కనుమరుగయ్యేదాకా గుర్రం మీద నిటారుగా కూర్చుంది. రెండో మలుపు దాటాక తొడుగు విప్పి మడిచింది. కనుమ కింద గుర్రాల్ని కాపరికి అప్పగించి నలుగురూ రాళ్లవాలు ముందు నిలబడ్డారు. బైషే, బురుల్ ముందు. నూర్‌గాజీ గుడారంతో వెనక. అసన్‌కోజో మూకుడు వీపున కట్టుకుంటున్నాడు.

“బావా, కాస్త వంగు. మూకుడు గీసుకోకుండా మెత్తగా ఒకటి పెడతాను.”

“ఏంటది? బరువుందే!”

“మా అత్తగారు. నిన్ను ఓడించింది కదా, నువ్వే మొయ్యి.”

మూకుడూ తొడుగూ కలిపి ఆ రోజు అసన్‌కోజో వీపు మీద ఎక్కినది ఏడు కిలోల వంద గ్రాములు.